గన్‌డమ్: 43 ఎపిసోడ్ల సీరియలా, మూడు సినిమాలా?

జపాన్ రోబో యానిమేషన్ అయిన గన్‌డమ్‌లో మొట్టమొదటిది చూద్దామని కూర్చున్నవాళ్లకు ముందే ఒక చిక్కు ఎదురవుతుంది. ఒకే కథ రెండు రూపాల్లో ఉంది. ఒకటి, 1979 ఏప్రిల్ 7 నుంచి 1980 జనవరి 26 దాకా నగోయా టీవీలో శనివారం సాయంత్రాలు వచ్చిన 43 ఎపిసోడ్ల సీరియల్. రెండోది, ఆ ఎపిసోడ్లనే కత్తిరించి, కొంత కొత్తగా గీసి, 1981, 82లలో థియేటర్లలో వేసిన మూడు సినిమాలు. సీరియల్‌కు దాదాపు 17 గంటలు పడుతుంది. సినిమాలు ఏడు గంటల్లో అయిపోతాయి. సినిమాలు చూస్తే చాలని చాలామంది అంటారు. నేనైతే ముందు సీరియలే చూడమంటాను, చివరిదాకా మాత్రం కాదు.

ఎందుకో తెలియాలంటే అది ఎలా తయారైందో చూడాలి. సన్‌రైజ్ స్టూడియోలో దర్శకుడు యోషియుకి తొమినో తీయాలనుకున్నది యుద్ధంలో చిక్కుకున్న పిల్లల కథ. డబ్బు పెట్టింది క్లోవర్ అనే బొమ్మల కంపెనీ. వాళ్లకు కావాల్సింది అమ్ముడుపోయే రోబో. యంత్రాలు డిజైన్ చేసింది కునియో ఓకవారా. మొదట అనుకున్న గన్‌డమ్ ఒళ్లంతా తెలుపే. పిల్లల బొమ్మకు రంగులుండాలని కంపెనీ పట్టుబట్టాక ఎరుపు, నీలం, పసుపు వచ్చి చేరాయి. విడిపోయి మళ్లీ అతుక్కునే భాగాలు కూడా బొమ్మ కోసమే. గన్‌డమ్‌కు తోడుగా మధ్యలో వచ్చే జీ ఆర్మర్ అనే విమానం కూడా అంతే. అవి అతుక్కునే సీను వచ్చిన ప్రతిసారీ అవే దృశ్యాలు తిప్పి తిప్పి వేస్తారు. అక్కడ కథ కాసేపు ఆగిపోతుంది.

సినిమాల్లో తొమినో ఇలాంటి సీన్లు చాలావరకు తీసేశారు. జీ ఆర్మర్ బదులు కోర్ బూస్టర్ అనే మామూలు యుద్ధ విమానం పెట్టారు. గొలుసుకు కట్టిన ముళ్ల గుండును గన్‌డమ్ తిప్పే సీన్లు కూడా పోయాయి. యుద్ధం యుద్ధంలాగే కనిపిస్తుంది. ఈ విషయంలో సినిమాలదే పైచేయి.

కానీ కత్తెర పడినచోట మనుషులు కూడా పలచబడ్డారు. 15వ ఎపిసోడ్‌నే తీసుకోండి. సైన్యం నుంచి పారిపోయి, అనాథ పిల్లల్ని సాకుతున్న డోవన్ అనే సైనికుడి కథ అది. గీసిన తీరు చాలా నాసిరకంగా ఉంటుంది, కొన్నిచోట్ల రోబో ఆకారమే వంకరపోతుంది. సినిమాల్లో ఆ కథ అసలు లేదు. తొమినో కోరిక మీద అమెరికా విడుదలలోంచి కూడా దాన్ని తీసేశారు. నాకు మాత్రం అది మొత్తం సీరియల్లోనే మంచి ఎపిసోడ్లలో ఒకటి. 2022లో దాన్నే పూర్తి సినిమాగా తీశారంటే ఆ కథలో ఎంత బలముందో తెలుస్తుంది.

ఈ పిల్లలుండే అంతరిక్ష యుద్ధనౌకలో ఉప్పు అయిపోయిందని వంటవాడు తమూరా వచ్చి చెప్పే సీను కూడా నాకు చాలా ఇష్టం. ఒకవైపు యుద్ధం, ఇంకోవైపు వంటింట్లో ఉప్పు లేదు. మొదటి ఎపిసోడ్లో కథానాయకుడు అమురో ఒంటి మీద బనీనుతోనే కూర్చుని ఏదో యంత్రం విప్పుకుంటూ, పెట్టిన తిండి ముట్టకుండా వదిలేస్తాడు. పక్కింటి అమ్మాయి ఫ్రా బౌ వచ్చి చీవాట్లు పెడుతుంది. ఆ కుర్రాడే కాసేపటికి కాక్‌పిట్‌లో కూర్చుని, మాన్యువల్ చదువుతూ గన్‌డమ్‌ను లేపుతాడు. వారం వారం చూస్తేనే వీళ్లు మన ఇంటి పిల్లల్లా అలవాటవుతారు.

మరి చివరిదాకా ఎందుకు వద్దంటున్నాను? పాత్రల రూపకర్త, యానిమేషన్ డైరెక్టర్ యోషికాజు యాసుహికో పని ఒత్తిడిలో జబ్బుపడి ఆస్పత్రి పాలయ్యారు. చివరి ఎపిసోడ్లలో ఆయన చెయ్యి లేదు. ముఖాలు చూస్తే ఆ లోటు ఇట్టే తెలిసిపోతుంది. పైగా రేటింగులు రాక, 52 ఎపిసోడ్లు అనుకున్నది 43తో ముగించాల్సి వచ్చింది. కథ సరిగ్గా పతాకస్థాయికి చేరినప్పుడే టీమ్ అలసిపోయింది.

తర్వాత పునఃప్రసారాలు, 1980 జులైలో బందాయ్ అనే మరో బొమ్మల కంపెనీ తెచ్చిన ప్లాస్టిక్ మోడళ్లు కలిసి గన్‌డమ్ తలరాత మార్చేశాయి. 1981 ఫిబ్రవరి 22న టోక్యోలోని షింజుకులో మొదటి సినిమా ప్రచార సభకు వేలమంది కుర్రకారు గుమిగూడారు. 1982 మార్చిలో మూడో సినిమా వచ్చేనాటికి యాసుహికో కోలుకుని, ఎన్నో సీన్లు కొత్తగా గీశారు. అమురో, శత్రుపక్షపు అమ్మాయి లాలా కళ్లలో సీరియల్ చూపించలేకపోయిన భావం ఇందులో కనిపిస్తుంది.

అందుకే నా లెక్క ఇది. సీరియల్ 31వ ఎపిసోడ్ దాకా చూడండి. పైలట్ స్లెగ్గర్ ఆ యుద్ధనౌక ఎక్కేది అందులోనే. ఆ తర్వాత నేరుగా మూడో సినిమాకు వెళ్లండి. అప్పటిదాకా చూసిన జీ ఆర్మర్ కనబడక కోర్ బూస్టర్ ఎగురుతుంటే కాస్త తికమకగా ఉంటుంది. పది నిమిషాల్లో అలవాటైపోతుంది.