10.00ఆర్20, 295/90ఆర్20, 295/80ఆర్22.5: లారీకి ఏది మేలు?

చెన్నై మాధవరంలో బండ్లు నిలిపి నెల్లూరు, విజయవాడల వైపు సరుకు నడిపే మన లారీ యజమానులు టైర్లు మార్చాల్సి వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న అడుగుతున్నారు: పాత 10.00ఆర్20 తోనే ఉండాలా, 295/90ఆర్20 కి మారాలా, లేక ఖర్చుకు ఓర్చి ట్యూబ్‌లెస్ 295/80ఆర్22.5 వేసుకోవాలా? ఈ అంకెల్లో మొదటిది టైరు వెడల్పు, చివరిది అంగుళాల్లో రిమ్ము సైజు, మధ్యలోని ఆర్ రేడియల్ టైరుకు గుర్తు. అయితే సైజు కన్నా ముందు చూడవలసింది దాని పక్కనే చిన్నగా అచ్చయ్యే 146/143 వంటి జంట అంకెలను, అందులోనూ రెండో అంకెను అని నా గట్టి అభిప్రాయం.

మొదటి అంకె టైరు ఒంటరిగా, రెండోది పక్కపక్కన జోడుగా ఉన్నప్పుడు ఒక్కో టైరు మోయగల బరువుకు సంకేతాలు. నాలుగు టైర్ల వెనుక యాక్సిల్‌కు (ఇరుసుకు) అనుమతించే బరువును 2018లో 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. పదహారు ప్లై (పొరల బలాన్ని చెప్పే గుర్తు) 10.00ఆర్20 టైర్లు చాలావాటి మీద 146/143 అని ఉంటుంది. 143 అంటే 2,725 కిలోలు. నాలుగు టైర్లకు 10,900 కిలోలు. పాత పరిమితికి ఇది చాలింది కానీ, ఆర్సీలో వెనుక యాక్సిల్ 11.5 టన్నులుగా ఉన్న ఆరు చక్రాల బండికి 600 కిలోలు తక్కువ పడుతుంది. అదే సైజులో పద్దెనిమిది ప్లై, 149/146 టైరు తీసుకుంటే నాలుగూ కలిసి 12,000 కిలోలు మోస్తాయి. పది చక్రాల బండిలో వెనుక జంట యాక్సిళ్ల 21 టన్నులు ఎనిమిది టైర్ల మీద పడతాయి కనుక ఒక్కోదానికి 2,625 కిలోలే వస్తుంది. అక్కడ 143 సరిపోతుంది. ఈ లెక్కంతా గాలి నిండుగా ఉన్నప్పటిదే. గాలి తగ్గిన టైరు అంత బరువు మోయలేదు. మే నెల ఎండలో గూడూరు దాటేసరికే ఆ తేడా వేడి రూపంలో బయటపడుతుంది.

295/90ఆర్20 మంచి సైజే, ట్యూబు, ట్యూబుకు రిమ్ముకు మధ్య ఉండే రబ్బరు పట్టీ అయిన ఫ్లాపు దానికీ ఉంటాయి. దీనికి కూడా జంట అంకెల్లో రెండోది చూసి, మీ రిమ్ము వెడల్పు దానికి తగునో లేదో అడిగి తీసుకోవాలి. అసలు ప్రమాదం, ఒక్క టైరు పోయిందని పాత 10.00ఆర్20 పక్కన దీన్ని జోడు కట్టడంలో ఉంది. 10.00ఆర్20 సుమారు 1,054 మిల్లీమీటర్ల ఎత్తు, 295/90ఆర్20 ఎత్తు 1,039. రెండూ ఒకే హబ్బుకు బిగిసి తిరుగుతాయి కనుక చుట్టుకొలతలోని 47 మిల్లీమీటర్ల తేడా కిలోమీటరుకు దాదాపు 14 మీటర్ల రాపిడిగా మారుతుంది, పైగా బరువు ఎక్కువగా పెద్ద టైరు మీదే పడుతుంది. దయచేసి అలా కట్టకండి.

ఆర్ బదులు గీత గుర్తున్న, రేడియల్ కాని నైలాన్ 10.00-20 చవక, క్వారీలో దగ్గరి దూరాలు తిరిగే బండికి చాలు, హైవేకి నేను చెప్పను. ఇక కె, ఎం వంటి వేగం గుర్తుల గురించి బెంగపడక్కరలేదు. కె అంటేనే 110 కిలోమీటర్లు. మన లారీలకు వేగ నియంత్రణ 80 దగ్గరే ఉంటుంది.

కొత్త బండి కొనేవారికి మాత్రం తడుముకోకుండా 295/80ఆర్22.5 అనే చెబుతాను. సాధారణంగా 152/148 గుర్తుతో వచ్చే ఈ టైర్లు నాలుగు వెనుక యాక్సిల్ మీద 12,600 కిలోలు, ముందు రెండు 7,100 కిలోలు మోస్తాయి. మేకు దిగినా గాలి ఒక్కసారిగా పోక మెల్లగా తగ్గుతుంది. 20 రిమ్ములో టైరును పట్టి ఉంచే లాక్ రింగు ఎగిరి మనిషికి తగులుతుందన్న భయం ఉండదు. పాత బండికైతే 22.5 రిమ్ములన్నీ, స్టెప్నీతో సహా, కొత్తగా కొనాలి. 20 రిమ్ముకు ఈ టైరు పట్టదు. అంత పెట్టుబడి పెట్టలేని ఆరు చక్రాల బండి యజమానికి నా ఎంపిక 149/146 ఉన్న 10.00ఆర్20. ఏది వేసినా ఆర్సీలో రాసిన బరువు పెరగదు కనుక, టైరు మోస్తుందన్న ధైర్యంతో అదనపు లోడు ఒప్పుకోవద్దు.