సుబేదారిలోని ఒక మందుల షాపు: అడగనిదే గోలీ ఇవ్వరు

ఈ షాపు గురించి రాసే ముందు వేరొక షాపులో జరిగింది చెప్పాలి. గత సంవత్సరం అమ్మకు మోకాళ్ల నొప్పి అంటే, అక్కడ డాక్టరు చీటీ అడగకుండానే, పేరున్న భాగం లేకుండా అట్ట కత్తిరించి నాలుగు గోలీలు ఇచ్చారు. ఒకటి వేసుకున్న అరగంటకే ఆమెకు ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదవులు, కనురెప్పలు ఉబ్బిపోయాయి. అది డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు అని తెలుసుకోవడానికి ఆసుపత్రి నుంచి ఆ షాపుకు ఫోన్ చేయవలసి వచ్చింది. కొందరికి ఒక్క మందే పడదనీ, మరికొందరికి మాత్రం ఐబుప్రోఫెన్, నాప్రాక్సెన్, ఆస్పిరిన్ లాంటి వేరే నొప్పి మందులు కూడా పడవనీ, ఇవన్నీ కాక్స్-1 అనే ఎంజైమును అడ్డుకునే మందులే కావడం అందుకు కారణమనీ, ఉబ్బసం ఉన్నవారికి వీటితో ఊపిరాడని పరిస్థితి రావచ్చనీ డాక్టరు వివరించారు.

మొన్న పంటి నొప్పికి రాసిన చీటీతో హనుమకొండ సుబేదారిలోని ఈ షాపుకు వెళ్లాం. కౌంటరులోని ఫార్మసిస్టు మందు తీయకముందే, "అమ్మా, మీకు ఏదైనా గోలీ పడదా? దమ్ము (ఉబ్బసం) ఉందా?" అని అడిగారు. అమ్మ సంగతి చెప్పగానే అట్ట తిప్పి, సన్నటి అక్షరాల మీద వేలు పెట్టి చూపించారు: ఎసిక్లోఫెనాక్ 100 మి.గ్రా., పారాసిటమాల్ 325 మి.గ్రా. పేరు వేరైనా ఇదీ డైక్లోఫెనాక్ కోవలోదేనని చెప్పి, తానే పంటి డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన అనుమతితో ఉత్త పారాసిటమాల్‌కు మార్పించారు. మామూలు మోతాదులో అది ఇలాంటివారిలో చాలామందికి పడుతుందట.

నొప్పికి రాసే మలాం ఇంట్లో ఉంటే దాన్నీ చూసుకోమన్నారు. వచ్చి చూస్తే, దేవుడి అలమర పక్కన నేను రోజూ నడుముకు రాసుకునే ట్యూబులో ఉన్నదీ డైక్లోఫెనాకే. అమ్మ చేతికి అందే చోటే అది ఇన్నాళ్లూ ఉందని తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

సాయంత్రం ఆరు దాటితే ఇక్కడ పావుగంటైనా నిలబడాలి, వృద్ధులు కూర్చోవడానికి ఒక్క కుర్చీ కూడా లేదు, అది తప్పకుండా వేయించాలి. అయినా ఇంట్లో ఉబ్బసం రోగులుంటే ఈ షాపుకే వెళ్లమంటాను. పడని మందుల పేర్లు ఆయన తెలుగులో రాసిచ్చిన చీటీ ఇప్పుడు అమ్మ పర్సులో ఆధార్ కార్డు వెనకే ఉంటోంది.