కోర్టు అడిగిన ఇవాల్యుయేషన్‌కు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

అట్లాంటా చుట్టుపక్కల చదువుకుంటున్న, ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్ల కోసం రాస్తున్నాను. మా తమ్ముడు ఇక్కడ ఎంఎస్ చేస్తున్నాడు. మద్యం తాగి కారు నడిపిన కేసులో (ఇక్కడ దీన్నే డీయూఐ అంటారు) మునిసిపల్ కోర్టు వాడికి 12 నెలల ప్రొబేషన్, అంటే జైలు బయటే ఉంటూ కోర్టు షరతులు పాటించే శిక్ష, వేసింది. తప్పు వాడిదే, అందులో వాదన లేదు. ఆ తర్వాత మేం మోసపోయిన తీరు ఇంకొకరికి జరగకూడదని చెబుతున్నాను.

క్లినికల్ ఇవాల్యుయేషన్, అంటే మద్యం అలవాటు ఎంతవరకు ఉందో, చికిత్స అవసరమో కాదో నిపుణులు చూసే పరీక్ష, చేయించుకుని రిపోర్టు తెమ్మని కోర్టు కాగితంలో ఉంది. గడువు ముంచుకొస్తోందన్న కంగారులో, "అన్ని రాష్ట్రాల కోర్టులూ ఆమోదిస్తాయి" అని ప్రకటించుకున్న ఒక ఆన్‌లైన్ సంస్థకు 149 డాలర్లు కట్టాం. తమ్ముడు ఫోనులో ప్రశ్నలకు టిక్కులు పెట్టాడు. పావుగంటలో అయిపోయింది. ఒక్క మనిషి కూడా వాడితో మాట్లాడలేదు. సాయంత్రానికల్లా బంగారు రంగు అంచుతో, మెరిసే ముద్రతో సర్టిఫికెట్ వచ్చేసింది.

ప్రొబేషన్ ఆఫీసులో ఆవిడ దాన్ని ఒకసారి చూసి, సంతకం మీద వేలు పెట్టి, "ఈ పేరు మా రాష్ట్రం జాబితాలో లేదు" అని కాగితం వెనక్కి జరిపింది. ఇంటికొచ్చి చూస్తే సర్టిఫికెట్ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో, ఆమోదించడం కోర్టు ఇష్టమని రాసి ఉంది. డబ్బు తిరిగి ఇమ్మని అడిగితే "సేవ పూర్తయింది" అని ఒక్క ముక్క జవాబిచ్చారు.

మేముండే ఈ జార్జియా రాష్ట్రంలో డీయూఐ కేసుల ఇవాల్యుయేషన్ చేసేవాళ్లు రాష్ట్ర బిహేవియరల్ హెల్త్ శాఖ దగ్గర నమోదై ఉండాలి. ముందు ఆ జాబితాలో పేరు చూసుకోండి, తర్వాతే కార్డు బయటికి తీయండి. 20 గంటల డీయూఐ క్లాసు దీనికి వేరు. దానికి డ్రైవర్ సర్వీసెస్ శాఖ గుర్తింపు ఉన్న స్కూలు కావాలి.

ఇక్కడ చాలా ఊళ్లు ప్రొబేషన్ పర్యవేక్షణను ప్రైవేటు కంపెనీలకు అప్పగించాయి. నెలనెలా వాళ్ల ఫీజు మనమే కట్టాలి. ఫలానా డీయూఐ స్కూలుకే వెళ్లమని ఆ కంపెనీవాళ్లు చెప్పడానికి మాత్రం రాష్ట్ర చట్టం ఒప్పుకోదు. ఫీజులు, జరిమానా కట్టలేని పరిస్థితి వస్తే మొహం చాటేయకుండా జడ్జికే చెప్పండి. కట్టే స్తోమత ఉందో లేదో విచారించకుండా, జరిమానా బాకీ ఉందని ప్రొబేషన్ రద్దు చేసి జైలుకు పంపకూడదని 1983లో బేర్డెన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు ఈ జార్జియాదే.

రెండోసారి జాబితాలో ఉన్న ఒకావిడ దగ్గరికి వెళ్లాం. గంటన్నర కూర్చోబెట్టి మాట్లాడింది. "రాత్రిళ్లు నిద్ర పడుతోందా?" అని అడిగిందట. నాన్న పోయినప్పుడు వెళ్లలేకపోయిన నాటి నుంచీ సరిగ్గా నిద్రే లేదని వాడు ఆవిడకు చెప్పాడు. ఒకే ఇంట్లో ఉంటున్న నాకు ఏనాడూ చెప్పలేదు. ఆ 149 డాలర్ల టిక్కుల్లో ఈ ప్రశ్నే లేదు. పోయిన డబ్బుకన్నా నాకు దీని మీదే ఎక్కువ కోపం.

కొన్ని కోర్టుల్లో మానసిక ఆరోగ్య డైవర్షన్, అంటే కేసును శిక్ష వైపు కాకుండా చికిత్స వైపు మళ్లించే పద్ధతి, ఉంటుంది. చికిత్స పూర్తిచేస్తే కేసు కొట్టేస్తారు. అది చాలామందికి నిజంగా మేలు చేస్తుంది. అయితే వీసా మీద ఉన్నవాళ్లు సంతకానికి ముందు, "ఇందులో నేను నేరం ఒప్పుకోవాలా?" అని అడిగి తీరాలి. నేరం ఒప్పుకుని, కోర్టు ఏదైనా శిక్షో ఆంక్షో విధిస్తే, తర్వాత కేసు కొట్టేసినా ఇమిగ్రేషన్ చట్టం దాన్ని నేరం రుజువైనట్టే లెక్కగడుతుంది. నేరం ఒప్పుకుంటే వలస హోదాకు వచ్చే ముప్పు చెప్పడం డిఫెన్సు లాయరు బాధ్యతేనని 2010లో పడిల్లా కేసులో సుప్రీంకోర్టు తీర్పు స్పష్టం చేసింది. కాబట్టి మొహమాటపడకుండా అడగండి.

ఇప్పటికే ఇలాంటి సర్టిఫికెట్ కొన్నవాళ్లు వాయిదా దాకా ఆగవద్దు. రేపు ఉదయమే ప్రొబేషన్ ఆఫీసుకు ఫోన్ చేసి చెల్లుతుందో లేదో కనుక్కోండి, జవాబు ఈమెయిల్లో తీసుకోండి. మాకు రెండో అపాయింట్‌మెంట్ దొరకడానికే పన్నెండు రోజులు పట్టింది. అప్పటికి గడువు మూడు రోజులే మిగిలింది.