వలదంటే కుడివైపని: నెల్లూరోడి చెన్నై మెట్రో అనుభవం

సెంట్రల్ కింద మెట్రో స్టేషన్ తెరిచింది 2018 మేలో. అప్పటి నుంచి, కరోనా నెలలు తీసేస్తే, రెండు మూడు నెలలకోసారి మా పెద్దమ్మను బుచ్చిరెడ్డిపాళెం నుంచి షెనాయ్ నగర్ వైపు కంటి ఆసుపత్రికి తీసుకెళ్తున్నది నేనే. పినాకిని ఎక్స్‌ప్రెస్ దిగడం, భూమిలోకి దూరడం. ఏసీ, శుభ్రత గురించి అందరూ చెప్పేశారు. నాకు నచ్చింది రైల్లో మాట్లాడే ఆ గొంతు.

"అడుత్త నిలైయం" అంటుంది, అంటే తర్వాతి స్టేషన్ అని. మనకు నిలయమంటే ఇల్లే కదా, రెండు నిమిషాలకోసారి ఎవరో భోజనానికి పిలుస్తున్నట్టుంటుంది. తమిళం రాకపోయినా ఎవర్నీ అడిగే పన్లేదు. తర్వాతి స్టేషన్ ఏదో, తలుపు ఏ పక్క తెరుచుకుంటుందో అన్నీ ముందే చెప్పేస్తుంది. ఒక్క సెంట్రల్ దగ్గర మాత్రం "పురట్చి తలైవర్ డాక్టర్ ఎం.జి. రామచంద్రన్ సెంట్రల్" అని మొత్తం చెప్పేసరికి, పాపం కాసిని మంచినీళ్లు ఇద్దామనిపిస్తుంది.

పోయినేడు ఆ గొంతే మా కొంప ముంచింది.

పెద్దమ్మకు కొత్తగా చెవి మిషన్ పెట్టించాం. అంతకు ముందు ఆమెకు రైల్లో ఏ మాటా వినపడేది కాదు, నేను లేస్తే లేచేది. ఆ రోజు షెనాయ్ నగర్ వస్తుండగా నాకు ఫోనొచ్చింది. "పెద్దమ్మా, దిగుదాం దా" అని దిగేశాను. తిరిగి చూస్తే ఆమె తలుపు దగ్గరే కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది. చెయ్యి అడ్డంగా ఊపుతోంది, వద్దు వద్దన్నట్టు. తలుపులు మూసుకున్నాయి. అద్దంలోంచి నన్నే జాలిగా చూస్తూ వెళ్లిపోయింది.

తమిళంలో కుడివైపును వలదు అంటారు. భూమి లోపలి స్టేషన్లలో చాలా మటుకు ప్లాట్‌ఫాం రెండు పట్టాల మధ్యలో ఉంటుంది, రైలేమో ఎడమ పట్టా మీద పోతుంది, కాబట్టి తలుపులు కుడివైపే తెరుచుకుంటాయి. అంటే మా పెద్దమ్మ చెవిలో ఆ గొంతు స్టేషన్ స్టేషన్‌కీ వలదు, వలదు అంటూనే ఉంది. అన్నా నగర్ ఈస్ట్ పోయింది, టవర్ పోయింది, తిరుమంగళం పోయింది. ఆమె దిగలేదు. తర్వాత రైలు వెలుతుర్లోకి వచ్చి వంతెనెక్కింది. అక్కడి స్టేషన్లలో ప్లాట్‌ఫాంలు పక్కలకు ఉంటాయి, తలుపు ఎడమవైపు. ఎడమంటే ఇడదు. అది విని పెద్దమ్మ గుండె జారిపోయిందట: ఇక ఇది నన్ను ఇడదు! కోయంబేడులో తలుపు తెరవడం, ఆమె ఉరకడం.

నాకు ఫోన్ చేసింది అక్కడ నేల తుడిచే ఆవిడ. తెలుగావిడే, వాళ్ల తాతలది కావలి వైపట. పెద్దమ్మ సంచిలోని మందుల చీటీ మీద నా నెంబరు రాసి ఉండటం మంచిదైంది. నేను తర్వాతి రైల్లో వెళ్లేసరికి ఇద్దరూ బుచ్చి కబుర్లలో ఉన్నారు. కసురుకున్నాను. పెద్దమ్మ తగ్గలేదు.

"ఆ మహాతల్లి వలదు వలదని మొత్తుకుంటుంటే ఎట్టా దిగేదబ్బయా? నువ్వే ఇనకుండా దూకితివి."

నేల తుడిచే ఆవిడ కూడా ఆమె పక్షమే.

కాబట్టి, ఎవర్నీ అడిగే పన్లేదని పైన రాశాను చూడండి, అది తెలుగు మరీ బాగా వచ్చినవాళ్లకు వర్తించదు. తమిళం తర్వాత ఇంగ్లీషులో కూడా చెప్తుంది, నిజమే. అది మా పెద్దమ్మకు పనికిరాదు. ఇంకోటి, సెంట్రల్ బయట ఆటో బేరం తప్పింది కానీ, మెట్రో దిగాక ఆసుపత్రి దాకా ఆ బేరం మళ్లీ ఉంది. అయినా ఎంత దూరమెళ్లినా రైలు టికెట్ 50 దాటదు, ఆటోవాడు నోరు తెరవడమే వందతో.

మీకు పనికొస్తుందా అంటే, మీరొచ్చే దారిని బట్టి. నాకు రైలు సెంట్రల్లోనే దించుతుంది కాబట్టి కుదిరింది. మన వైపు బస్సులు దించేది మాధవరంలో. నేను పోయినసారి చూసినప్పటికి అక్కడ మెట్రో ఇంకా కడుతూనే ఉన్నారు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లయితే లిఫ్ట్ ఎక్కడుందో ముందే కనుక్కోండి, మాకు మూడోసారికి గానీ దొరకలేదు.

పెద్దమ్మ ఇప్పుడు మెట్రో ఎక్కగానే చెవి మిషన్ తీసి రుమాల్లో చుట్టి బొడ్లో దోపుకుంటోంది.