ఐప్యాడ్‌లో సాచురేషన్, మూడేళ్ల తర్వాత: నాకు కావాల్సింది ఒక్క మిక్స్ నాబ్

మిక్స్ నాబ్ లేని డిస్టార్షన్ ప్లగిన్‌ను, అంటే సౌండ్‌ను కావాలని పగలగొట్టే చిన్న సాఫ్ట్‌వేర్‌ను, ఇక నేను కొనను. అసలు సౌండ్ ఎంత, పగిలింది ఎంత అని కలిపేదే మిక్స్ నాబ్. ఉచితంగా ఇచ్చినా డౌన్‌లోడ్ చేయను. ఇది మొండితనం అనుకున్నా ఫర్వాలేదు. దీని వెనక ఒక బతుకమ్మ పాట, ఒక డప్పు, మూడు రాత్రుల నిద్ర ఉన్నాయి.

నా పని ఏమిటో చెప్తే మిగతాది అర్థమవుతుంది. కరీంనగర్ వైపు జానపద పాటలు, మా దగ్గర ప్రైవేట్ సాంగ్స్ అంటారు కదా, అవి రికార్డు చేసి మిక్స్ చేస్తాను. ఒక గొంతు, కోరస్, డప్పు, గజ్జెలు, కింద సింథ్ బేస్. పెళ్లయ్యాక కంప్యూటర్ పెట్టుకునే గది పిల్లల గది అయిపోయింది. అప్పటి నుంచి మొత్తం ఐప్యాడ్ మీదే. నా పాటలు వినేవాళ్లు నూటికి తొంభై మంది ఫోన్ స్పీకర్ మీదే వింటారు. ఇది లెక్క తీసి చెప్తున్నది కాదు, మా బంధువుల ఇళ్లు చూసి చెప్తున్న మాట.

సాచురేషన్ అంటే సౌండ్‌ను మెత్తగా పగలగొట్టడం. అసలు దాని జోలికి వెళ్లిందే ఆ ఫోన్ స్పీకర్ వల్ల. మొదట్లో నా పాటల్లో బేస్ హెడ్‌ఫోన్‌లో గుండెల మీద కొట్టేది, నాన్న ఫోన్‌లో పెడితే మాయమయ్యేది. 55 హెర్ట్జ్ నోటును ఆ చిన్న స్పీకర్ ఎలా పలికిస్తుంది? ఎంత పెంచినా లాభం లేదు. అదే బేస్‌ను కొద్దిగా సాచురేట్ చేస్తే 110, 165, 220, 275 దగ్గర హార్మోనిక్స్, అంటే అసలు నోటుకు రెండింతలు, మూడింతలుగా ఉండే పై మోతలు, పుడతాయి. వాటిలో పైవి కొన్ని ఫోన్‌లో వినిపిస్తాయి. వాటి మధ్య దూరం 55 కాబట్టి, కింద లేని నోటును చెవి తనే ఊహించుకుంటుంది. మొదటిసారి నాన్న ఫోన్‌లో ఆ బేస్ నడక వినిపించినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. నాన్న మాత్రం, "సౌండ్ పగులుతోందని సెట్టు వాళ్లను తిడతాం. నువ్వేమో డబ్బులిచ్చి మరీ పగలగొడుతున్నావు" అన్నారు.

చాలా యాప్‌లు కొన్నాను, చాలా తీసేశాను. చివరికి రోజూ వాడేది చౌ టేప్ మోడల్. ఉచితం, ఓపెన్ సోర్స్. సోనీ టీసీ-260 అనే పాత రీల్ టేప్ రికార్డర్ ఆధారంగా, టేప్ మీది అయస్కాంత పొర ఎలా ప్రవర్తిస్తుందో లెక్కకట్టి చేసింది. టేప్ భాగంలో ముఖ్యంగా డ్రైవ్, సాచురేషన్, బయాస్ అని మూడు నాబ్‌లు ఉంటాయి. నా చెయ్యి ఎక్కువగా బయాస్ మీదే ఉంటుంది. దాన్ని తగ్గించే కొద్దీ గొంతు చివర్లు గరుకెక్కుతాయి. టేప్ నమిలినట్టు చేసే భాగం కూడా ఒకటుంది, దాన్ని ముట్టను. ఆ సౌండ్ చిన్నప్పుడు కావాల్సినంత విన్నాం. ఇక డబ్బు పెట్టి కొన్న వాటిలో ఫ్యాబ్‌ఫిల్టర్ శాటర్న్ 2 మిగిలింది. సౌండ్‌ను ఆరు బ్యాండ్ల దాకా విడగొట్టి, దేనికది వేరే రకంగా పగలగొట్టుకోవచ్చు. ప్రతి బ్యాండ్‌కూ సొంత మిక్స్ నాబ్ ఉంటుంది. ఆ నాబ్ కోసమే దాన్ని ఉంచుకున్నాను.

ఇక ఆ మూడు రాత్రుల సంగతి. అప్పట్లో నేను వాడుతున్నది వేరే డిస్టార్షన్, వేరే హోస్ట్ యాప్ (ప్లగిన్‌లను లోపల పెట్టుకుని పాటంతా మిక్స్ చేసే యాప్). రెండింటి పేర్లూ ఇక్కడ రాయను. ఆ ప్లగిన్‌లో మిక్స్ నాబ్ లేదు. అందుకని అందరూ చెప్పే దారే పట్టాను. డప్పునూ గజ్జెలనూ సెండ్ ద్వారా, అంటే ఒక నకలు తీసి, బస్ అనే పక్క దారికి పంపి, అక్కడ డిస్టార్షన్ గట్టిగా పెట్టి, ఆ మురికి సౌండ్‌ను అసలు సౌండ్ కింద కలిపేవాణ్ని. నెలల తరబడి బాగానే నడిచింది.

అయితే గజ్జెల దగ్గర ఒక చిరాకు ఉండేది. డిస్టార్షన్ పెంచితే గజ్జెల మీద ఇసుక రాసినట్టు ఒక రొద. కారణం తర్వాత తెలిసింది. 44.1 కిలోహెర్ట్జ్ ప్రాజెక్టులో, అంటే సౌండ్‌ను సెకనుకు 44,100 శాంపిళ్లుగా కొలిచే చోట, అందులో సగం, 22.05 దాటిన హార్మోనిక్‌కు చోటు లేదు, అది మడతపడి కిందికి వస్తుంది. గజ్జెల్లోని 6 కిలోహెర్ట్జ్ మోతకు ఐదో హార్మోనిక్ 30 దగ్గర పుట్టాలి. అది తిరిగి 14.1 దగ్గర పడుతుంది. 14.1కీ 6కీ ఏ చుట్టరికమూ లేదు, అందుకే చెవికి ఇసుకలా తగులుతుంది. దీనికి మందు ఓవర్‌శాంప్లింగ్: లోపల శాంపిల్ రేటు పెంచి, పగలగొట్టి, పైన మిగిలింది కోసేసి, మళ్లీ కిందికి దించడం. ఆ ప్లగిన్‌లో ఆ స్విచ్ ఉంది. ఆన్ చేశాను. గజ్జెలు ఉతికి ఆరేసినట్టు తేటపడ్డాయి. ఆ ఆనందంలో మిగతావి సరిగా వినలేదు.

మర్నాడు డప్పు కొట్టిన మామకు పాట పంపాను. గంటలో ఫోన్. "ఏంది అల్లుడా, కాగబెట్టకుండ కొట్టిన డప్పు లెక్కుంది? నేను మంచిగ మంటకు పెట్టి కొట్టిన గదా" అన్నాడు. డప్పు తోలు మంట సెగకు బిగుసుకుంటేనే ఖంగుమంటుంది. పచ్చిగా ఉంటే బద్దబద్దగా మోగుతుంది. మళ్లీ విన్నాను. నిజమే. సిర్ర దెబ్బ ఉంది, సిటికెన పుల్ల చప్పుడు ఉంది, మధ్యలో ఉండాల్సిన కండ లేదు. డప్పు డొల్ల అయింది.

ఇక మొదలైంది. మొదటి రాత్రి ఈక్వలైజర్‌తో 300, 400 ప్రాంతం పెంచాను. పెంచినా రాలేదు. లేనిదాన్ని ఎంత పెంచితే ఏం వస్తుంది? రెండో రాత్రి మైకును అనుమానించాను, తర్వాత కేబుల్‌ను, ఆ తర్వాత మామను. (మామకు ఈ విషయం చెప్పలేదు.) రికార్డింగ్‌ను ఒంటరిగా వింటే డప్పు బంగారంలా ఉంది. బస్‌ను ఒంటరిగా వింటే మురికిగా, నాకు కావాల్సినట్టే ఉంది. రెండూ కలిపితే డొల్ల. ఇద్దరూ మంచివాళ్లే, ఒకే ఇంట్లో పడనట్టు.

మూడో రాత్రి ఒక్క దెబ్బ కత్తిరించి, అసలు ట్రాక్‌ను ఒకసారి, బస్‌ను ఒకసారి బౌన్స్ చేసి (విడి ఫైలుగా తీసి), రెండు వేవ్‌ఫారాలను పైనా కిందా పెట్టి జూమ్ చేశాను. దెబ్బ మొదలు రెండింటిలో ఒక చోట లేదు. మురికి డప్పు 64 శాంపిళ్లు ఆలస్యంగా వస్తోంది. ఓవర్‌శాంప్లింగ్‌లో ఆ కోసే ఫిల్టర్లకు కొంత సమయం పడుతుంది. ఆ ఆలస్యాన్ని ప్లగిన్ చెప్పుకోవాలి, హోస్ట్ విని మిగతా ట్రాకులను అంతే ఆపాలి. దీన్నే లేటెన్సీ కాంపెన్సేషన్ అంటారు. నా దగ్గర చెప్పనిది ప్లగినో, విననిది హోస్టో ఇప్పటికీ తేల్చుకోలేదు.

64 శాంపిళ్లు అంటే 1.45 మిల్లీసెకన్లు. వినడానికి ఏమీ కాదు. కానీ ఒకే డప్పు రెండుసార్లు, దాదాపు ఒకే బలంతో, అంత తేడాతో కలిస్తే 345 హెర్ట్జ్ దగ్గర ఒకటి పైకి వెళ్తుంటే ఇంకోటి కిందికి వెళ్తుంది. రెండూ కొట్టుకుపోతాయి. మళ్లీ 1033 దగ్గర, మళ్లీ 1722 దగ్గర. మామ డప్పు కండ ఉన్నదే ఆ మొదటి గుంటలో. రెండో మైకును మరో అర మీటరు వెనక పెట్టి, రెండూ కలిపేసినట్టు అన్నమాట. బౌన్స్ చేసిన మురికి ట్రాక్‌ను 64 శాంపిళ్లు ఎడమకు జరిపాను. డప్పు తిరిగొచ్చింది. అప్పుడు టైమ్ రెండుంపావు. లేచి కూర్చున్న మా ఆవిడ ముఖం చూసి హెడ్‌ఫోన్ జాక్ సరిగా లేదని తెలిసింది.

అప్పటి నుంచి బస్ మానేశాను. ప్లగిన్ లోపలే మిక్స్ నాబ్ ఉంటే, పగలని సౌండ్‌నూ పగిలిన సౌండ్‌నూ కలిపే బాధ్యత దానిదే. లోపల ఎంత ఆలస్యం ఉందో దానికే తెలుసు కాబట్టి రెండింటినీ జతగా నడిపిస్తుంది, హోస్ట్ దయ అక్కర్లేదు. చౌ టేప్‌లో డ్రై-వెట్ నాబ్‌ను (దాని మిక్స్ నాబ్ అదే) సగంలో పెట్టి డప్పు మీద ఎన్నోసార్లు విన్నాను, నా చెవికి డొల్ల తగల్లేదు.

అన్ని మిక్స్ నాబ్‌లూ నిజాయితీగా ఉండవని తర్వాత తెలిసింది. లోపల పగలని సౌండ్‌ను ఆపకుండా నేరుగా కలిపేసేవి నాకు రెండు తగిలాయి. అదే డొల్ల, ఈసారి ఒకే యాప్‌లో. అందుకే ఏది కొత్తగా దించినా మొదట ఒక పరీక్ష: డ్రైవ్ సున్నా, ఓవర్‌శాంప్లింగ్ ఆన్, మిక్స్ సగం, ఏదైనా గొంతు. బిందెలో నోరు పెట్టి మాట్లాడినట్టు వినిపిస్తే అన్‌ఇన్‌స్టాల్. అర నిమిషం పని.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. బస్ మీద ఉన్న రోజుల్లో మురికి సౌండ్‌కు మాత్రమే ఈక్వలైజర్ పెట్టుకోవడం, దాన్ని ఒక పక్కకు నెట్టడం, చరణంలో పెంచి పల్లవిలో తగ్గించడం వీలయ్యేది. మిక్స్ నాబ్ ఆ స్వేచ్ఛ తీసేస్తుంది. శాటర్న్‌లో బ్యాండ్ల వల్ల కొంత తిరిగొస్తుంది గానీ, నా పాటల్లో ఆ అవసరం నెలకోసారి వస్తే ఎక్కువ. పైగా నాబ్ చేతిలో ఉంటే బద్ధకం పెరుగుతుంది. గొంతుకు ముప్పై శాతం, కోరస్‌కు ముప్పై, డప్పుకు ముప్పై అని పెట్టుకుంటూ పోయి, ఒక పాటంతా బూడిద పూసినట్టు చేశాను. ఎవరూ ఏమీ అనలేదు. నాకే నచ్చక మళ్లీ చేశాను.

ఓవర్‌శాంప్లింగ్‌ను పైన అంతగా పొగిడాను కదా, ఇప్పుడు దాన్ని గజ్జెలకూ, పై స్థాయిలో రాగం తీసే గొంతుకూ మాత్రమే ఆన్ చేస్తున్నాను. బేస్ మీద పెట్టి, తీసి, కళ్లు మూసుకుని చూశాను. తేడా చెప్పలేకపోయాను. 55 హెర్ట్జ్ నోటుకు ఎన్ని హార్మోనిక్స్ పుడితే 22 కిలోహెర్ట్జ్ దాటుతుంది! పైగా రేటు రెట్టింపు చేసిన ప్రతిసారీ ప్రాసెసర్ పని దాదాపు రెట్టింపు. ఎండాకాలం మధ్యాహ్నం, కరెంటు లేనప్పుడు, బ్యాటరీ మీద నడిచే పరికరంలో అది చిన్న విషయం కాదు. పాట మొత్తం బౌన్స్ చేసేటప్పుడు మాత్రం పెంచుతాను.

లెవెల్ సంగతి అందరికీ తెలిసిందే, అయినా నేను ఇంకా మోసపోతుంటాను. డ్రైవ్ పెంచితే గట్టిగా వినిపిస్తుంది, గట్టిగా ఉన్నది బాగున్నట్టు అనిపిస్తుంది. అవుట్‌పుట్ తగ్గించి, ప్లగిన్ ఆపినప్పటి గట్టిదనానికి సమానం చేసి విన్నాకే నిర్ణయం. అలా చేస్తే నేను పెట్టిన డ్రైవ్‌లో సగం అనవసరమని తేలుతోంది, ప్రతిసారీ.

కాబట్టి నా మాట ఎంతవరకు పనికొస్తుందో మీ పరిస్థితిని బట్టి చూసుకోండి. నావి పది పన్నెండు ట్రాకుల పాటలు, ఎక్కువ భాగం తోలు వాయిద్యాలు, అదీ ఐప్యాడ్‌లో. మీ హోస్ట్ ఆలస్యాన్ని సరిగ్గా సర్దుతుంటే, నేను భయపడి మానేసిన బస్ మీకు హాయిగా పనిచేస్తుంది. నాకంటే ఎక్కువ స్వేచ్ఛ కూడా ఉంటుంది. ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్లకు నూటికి నూరు శాతం పగిలిన సౌండే కావాలి, వాళ్లకు ఈ గొడవే లేదు. ఆండ్రాయిడ్‌లో ఐప్యాడ్‌లోలాగా ఒకరి ప్లగిన్‌ను ఇంకొకరి యాప్‌లో పెట్టుకునే ఉమ్మడి ఏర్పాటు లేదు. మా తమ్ముడు ఎఫ్ఎల్ స్టూడియో మొబైల్‌లో దాని సొంత డిస్టార్షన్‌తోనే నెట్టుకొస్తున్నాడు, వాడి బేస్ కూడా నాన్న ఫోన్‌లో బాగానే వినిపిస్తుంది. ఈ మాట నాన్నే చెప్పారు, కాస్త ఎక్కువ సంతోషంగానే.

మొన్న ఈ ఏటి పాట మిక్స్ మామకు పంపాను. డ్రై-వెట్ నలభై దగ్గర ఉంది, జరపలేదు. సాయంత్రం ఫోన్ చేసి, "డప్పు మంచిగుంది. గజ్జెలు జర తక్కువ జెయ్యి" అన్నాడు.