ఖాదీ జెండానా, పాలిస్టర్ జెండానా?

మువ్వన్నెల జెండా ఒకప్పుడు ఖాదీతోనే తయారు కావాలి. 2021 డిసెంబరు 30న పతాక నియమావళిని సవరించి పాలిస్టర్‌ను, మరనేతను అనుమతించారు.

పాలిస్టర్ తేలిక, చవక. చిరుగాలికే రెపరెపలాడుతుంది, తడిస్తే త్వరగా ఆరుతుంది. 2022 జులై నుంచి ఇళ్లపై రాత్రి కూడా జెండాను ఉంచవచ్చు కనుక, వానలో నిలవాలంటే ఇదే నయం. తడిసిన ఖాదీ బరువెక్కి కర్రకు అంటుకుపోతుంది.

అయినా నా మనసు ఖాదీ వైపే. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గాంధీజీకి చూపిన జెండా తర్వాత చరఖాను ధరించింది. 1947 జులై 22న చరఖా స్థానంలో 24 ఆకుల అశోకచక్రం వచ్చింది. చరఖా బొమ్మ పోయినా, వడికిన నూలులో అది ఇంకా ఉంది! హుబ్బళ్లి శివారు బెంగేరిలో నేటికీ ఖాదీ జెండాలు తయారవుతున్నాయి.

కొలత ఏ వస్త్రానికైనా ఒకటే, పొడవు వెడల్పులు 3:2.

చిరిగిన జెండాను పారేయకూడదు. ఏకాంతంగా, గౌరవంగా, వీలైతే కాల్చి, పూర్తిగా నాశనం చేయాలి. ఖాదీ మెత్తని బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి, పొగలు కక్కుతూ ముద్దకడుతుంది. ఆగస్టు 15న, జనవరి 26న మా ఇంటిపై ఎగిరేది ఖాదీయే.