బేస్‌బాల్‌కు చెక్క బ్యాటా, అల్యూమినియం బ్యాటా?

అల్యూమినియం బ్యాటు ఎక్కువ కాలం మన్నుతుంది, తేలిగ్గా తిరుగుతుంది. బంతి తగలగానే దాని పలుచని గోడ లోపలికి నొక్కుకుని వెంటనే యథాస్థితికి వస్తుంది, బంతి దూసుకుపోతుంది. ఈ వేగాన్ని అదుపు చేయడానికే అమెరికా కాలేజీ బేస్‌బాల్ 2011లో బ్యాట్లకు కఠినమైన ప్రమాణం తెచ్చింది.

అయినా నా ఓటు చెక్కకే. అమెరికాలోని అగ్రశ్రేణి ప్రొఫెషనల్ బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో అనుమతి దానికొక్కదానికే ఉంది. బంతి పిడి దగ్గర తగిలితే అరచేతులు జివ్వుమంటాయి, ఒక్కోసారి బ్యాటే విరుగుతుంది. సరైన చోట తగిలిందా, చేతికి దాదాపు ఏమీ తెలియదు. టక్‌మన్న శబ్దం, ఎగిరిపోతున్న బంతి, అంతే! నాలాంటి ఔత్సాహికులకు ఇంత నిక్కచ్చిగా తప్పు చూపించే గురువు మరొకరు లేరు. బ్యాట్ల చెక్కల్లో యాష్ కంటే గట్టిదైన మేపుల్ చెక్క నాకు మరీ ఇష్టం.

కొత్తగా నేర్చుకునే పిల్లలకైతే లోహపు బ్యాటే ఇవ్వండి. బంతిని కొట్టడంలోని ఆనందం ముందు వాళ్లకు దక్కాలి.